రెక్క

నూజివీడు రోడ్డూ గుడివాడ రోడ్డూ వచ్చి విజయవాడ–ఏలూరు రహదారిని కలిసే కూడలి హనుమాన్ జంక్షన్. ఊరికి పేరిచ్చిన దేవుడు సముద్రాన్ని దాటినవాడే గాని ఆయనకు రెక్కలు లేవు. రెక్కలున్నవాడి పేరును ఆర్టీసీ వారు బస్సుకు పెట్టుకున్నారు: గరుడ. గరుత్తు అంటే రెక్క, గరుత్తులున్నవాడు గరుత్మంతుడు. పక్షమన్నా రెక్కే, అది ఉన్నది పక్షి. ఈ సంస్కృత మాటలు వినగానే మన చూపు ఆకాశం వైపు పోతుంది. తెలుగు మాట రెక్క మాత్రం మనల్ని మడిలోకి దించుతుంది.

పాత రాతలో ఇది బండిరతో ఱెక్క. కన్నడ రెక్కె, తమిళ ఇఱక్కై దీని తోబుట్టువులు. మన నోట ఇది పిట్ట దగ్గర ఆగలేదు. తలుపుకు రెక్క ఉంది, ఫ్యానుకు రెక్క ఉంది, ముద్దమందారం కానిది రెక్కమందారం. అన్నిటికంటే నన్ను ఆపేసేది, మనిషి భుజానికీ ఇదే పేరు కావడం. రెక్క పట్టుకుని లాక్కొచ్చారంటాం. దొంగను పెడరెక్కలు విరిచి కడతారు. నాట్లు వేసి ఇంటికొచ్చిన ఆడమనిషి రెక్కలు పడిపోతున్నాయంటుంది. అదే భుజాన్ని చేయి అని కూడా అంటాం కదా, మరి తేడా ఎక్కడ? ఇచ్చి పుచ్చుకునేది చేయి. డబ్బు చేతికిస్తారు, రెక్కకివ్వరు. ఒళ్ళు హూనం చేసుకుని పని చేసేది రెక్క. రెక్కల కష్టం అన్న మాటలో ‘చేతుల’ అని మార్చి చూడండి, బరువంతా పోతుంది.

శరీరశాస్త్రం కూడా ఈ వాడుక వైపే నిలుస్తుంది. పిట్ట రెక్క విప్పి చూస్తే లోపల ఉన్నది మన దండచేతి ఎముక, మన ముంజేతి జంట ఎముకలు. గబ్బిలం రెక్క అయితే బాగా సాగిన వేళ్ళ మధ్య పరుచుకున్న చర్మం. అందుకే శాస్త్రజ్ఞులు గబ్బిలాల వర్గానికి ‘చేయి–రెక్క’ అని అర్థం వచ్చే గ్రీకు పేరు పెట్టారు: కైరోప్టెరా.

పరగ్రహాల రెక్కజాతులను ఊహించిన వైజ్ఞానిక కల్పనా రచయితలలో చాలామంది, రెక్క అంటే చేయేనన్న ఈ సంగతి పట్టించుకోలేదు. 1934లో మొదలైన ఫ్లాష్ గోర్డన్ బొమ్మల కథల్లో గద్దమనుషులకు చేతులు చేతులుగా ఉండగానే వీపు మీద అదనంగా రెక్కలు మొలిచాయి. అవి నాకు నగల్లాగే కనిపిస్తాయి. పోల్ ఆండర్సన్ అలా చేయలేదు. 1973లో వచ్చిన ‘ది పీపుల్ ఆఫ్ ది విండ్’ నవలలోని ఇథ్రియన్లకు రెక్కలే ముందు అవయవాలు. కాళ్ళ పంజాలు కాలక్రమాన చేతులయ్యాయి. నేల మీద నడవాలన్నా మడిచిన రెక్కల మీదే నడవాలి. ఇక ఎగరడానికి బరువు అడ్డం. కొల్లేరులో, కైకలూరు దగ్గరి ఆటపాకలో వాలే గూడబాతు ఐదారు కిలోలు మించదు, అయినా దాన్ని గాలిలో నిలపడానికి రెండు మీటర్లు దాటిన రెక్కలు కావలసి వచ్చాయి. ఇథ్రియన్లు అంతకు ఎన్నో రెట్లు బరువు. అందుకని ఆండర్సన్ వాళ్ళ ఒంట్లో గాలిని అదనంగా లాక్కునే చీలికలు పెట్టాడు. ఎగరడానికి అంత శక్తి కావాలంటే మాంసం తినాలి. మాంసం కావాలంటే పశువులు మేసే విశాలమైన నేల కావాలి. కాబట్టి వాళ్ళు మనలా కిక్కిరిసి బతకలేరు. చోత్ అనే తెగలుగా విడివిడిగా ఉంటారు, ఎవరి మేర వారికి ప్రాణం. వాళ్ళ మర్యాదలూ పౌరుషాలూ అన్నీ ఆ ఆకలిలోంచి పుట్టినవే. రెక్కాడితే గాని డొక్కాడదన్న మన సామెతను ఒక గ్రహం మొత్తానికి పరిచి చూపించాడాయన.

మన రామాయణంలో, కిష్కింధకాండలోని సంపాతి అనే పక్షిదీ ఈ బతుకే. సూర్యుడి దగ్గర తమ్ముడు జటాయువుకు తన రెక్కలు అడ్డుపెట్టి, అవి కాలి కొండ మీద పడ్డాడు. ఆ తరువాత రెక్క ఆడలేదు గనుక డొక్కా ఆడలేదు. కొడుకు సుపార్శ్వుడు తెచ్చి పెట్టిందే తిండి. ఒకనాడు కొడుకు ఉత్తచేతులతో, ఆలస్యంగా వచ్చాడు. ఎందుకని అడిగితే, ఒక స్త్రీని ఎత్తుకుపోతున్న నల్లని రూపాన్ని దారిలో చూశానన్నాడు. సీత జాడ రామకథలోకి వచ్చిన దారుల్లో ఒకటి ఆ ఆకలి పూట. తమ్ముడి చావు విన్న సంపాతికి తర్పణం వదలాలంటే నీళ్ళ దాకా పోయే శక్తి లేదు, వానరులే మోసుకెళ్ళారు. రెక్కజాతికి బంధుత్వాలూ కర్మకాండా ఎలా ఉంటాయో ఇంత వివరంగా చూపిన వైజ్ఞానిక కల్పనలు నేను తక్కువే చదివాను.

ఈ మాటలోని రెండు అర్థాలూ ఎదురెదురుగా కూర్చున్న తెలుగు కావ్యం జాషువా ‘గబ్బిలం’. మొదటి భాగం 1941లో వచ్చింది. అందులో మాట్లాడేవాడికి ఉన్నవి కష్టపడే రెక్కలు. వినేదానికి ఉన్నవి ఎగిరే రెక్కలు. అంటరానివాడని గుడి గడప దాటనివ్వని మనిషి, గుడిలోపల తలకిందులుగా వేలాడగల జీవితో శివుడికి కబురు పంపుతాడు. గబ్బిలాన్ని లోపలికి రావద్దనే పూజారి లేడు. మన భాషలో రెక్కల లోకాన్ని కల్పించబోయే రచయిత ఎవరైనా ముందు తేల్చుకోవలసిన సంగతి జాషువా అక్కడే అడిగాడు: ఆ లోకంలో ఎవరి రెక్కలు ఎగరడానికి, ఎవరివి చాకిరీకి?