గోళీ నాపినదేది?



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము రాపిడి. ఇది మీకు క్రొత్తది కాదు. కొయ్యయిరుసుల బండ్లు తిరిగిన దినములలో కందెన వేయక బండి కట్టినచో నది చేయు కీచుధ్వని మీలో పలువురు వినియే యుందురు. బావిగిలకకు చమురు వేయుట, కత్తిని సానబట్టుట, అరిగిన తిరుగలికి కక్కు కొట్టించుట, ఇవన్నియు రాపిడితో మనకు గల చిరపరిచయమునకు నిదర్శనములు. అయినను నింత పరిచితమైన దానిని మనుష్యజాతి చక్కగా గుర్తించుటకు రెండువేల యేండ్లకు పైగా పట్టినది. ఆ కథను, దానిని పసిపిల్లలకు బోధింపదగిన విధమును విన్నవించెదను. ముందుగా నా యపరాధ మొకటి చెప్పుకొనవలసియున్నది.

నేను ప్రాథమికపాఠశాలలో నుపాధ్యాయుడనుగా నున్న కాలమున నొక బాలుడు వసారాలో గోళీని దొర్లించి, యది నిలిచిన పిమ్మట నన్ను జూచి, “గోళీని ఎవరు ఆపినారండీ, మాష్టారూ?” అని యడిగెను. “దానిలో బలము అయిపోయినది, ఆగినది. పోయి పాఠము చదువుకో” అంటిని. వాడు తలవంచుకొని కూర్చుండెను. నా యుత్తరము తప్పు. వాని ప్రశ్న యొప్పు. “ఏల ఆగినది?” అని కాక, “ఎవరు ఆపినారు?” అని వాడడిగెను. ఆ రెండు ప్రశ్నల నడుమనున్న దూరమే యీ చరిత్ర యంతయు.

గ్రీసుదేశపు మహాపండితుడగు అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) త్రోయునట్టిదో లాగునట్టిదో లేనిదే బలవంతపు చలనము సాగదని బోధించెను. ఎద్దులు లాగుట మానిన బండి నిలుచుట మనము చూచుచునే యుందుము గదా! అందువలన నీ మాట లోకమునకు నమ్మదగినదిగా తోచెను. ఆగుటకు కారణ మక్కఱలేదు, కదలుటకే కావలెనను నభిప్రాయము పెక్కు శతాబ్దములు రాజ్యమేలెను. నేను బాలునకు చెప్పిన యుత్తరమును దాని కోవలోనిదే.

మన వైశేషికులును చలనమును విచారించిరి. కణాదుని సూత్రములలో నైదవ యధ్యాయము కర్మను గూర్చినది. కర్మ యనగా నచట చలనము. వింటినారి త్రోపుచే బాణము మొదట కదలును. పిదప దానియందు పుట్టిన వేగమను సంస్కారముచే సాగును. ఆ సంస్కారము లేనప్పుడు గురుత్వముచే పడును. తరువాతి వాడగు ప్రశస్తపాదుడు వేగమునకు విరోధి యెవరో కూడ చెప్పెను. స్పర్శగల ద్రవ్యముతో నేర్పడు సంయోగవిశేషమే యా విరోధి. అనగా, వచ్చి తాకినదే వేగమును హరించును. శ్రోతలారా, ఈ వాక్యమును నేను బాల్యమున గురువుగారి సన్నిధిని వల్లించినవాడను. అది నా కంఠమున నుండియు, బాలుడు గోళీని దొర్లించిన నాడు నా కంటికి కానరాలేదు. వల్లించుట వేఱు, చూచుట వేఱు అని నేను తెలిసికొన్నది వార్ధకమున.

అట్లని సర్వమును మనవారే కనుగొనిరని నేననను. వారు విరోధిని పేర్కొనిరి గాని, వాని బలమును తూచలేదు. పనివారి చేతులు మాత్రము పండితుల నోళ్లకంటె ముందు నడచినవి. క్రీస్తునకు పూర్వము సుమారు 1900 నాటి యీజిప్టు సమాధి యొకదానిలో, జెహుతీహోతెప్ అను నధికారి మహావిగ్రహమును దారుపీఠముపై నుంచి 172 మంది యీడ్చుచున్న చిత్రము గలదు. ఆ పీఠము ముందట నొకడు నిలిచి త్రోవపై నీరు పోయుచున్నాడు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు పరీక్షించి, తగినంత తడిసిన యిసుక గట్టిపడి, పొడియిసుకపై కావలసిన బలములో సగముతోనే బరువు నీడ్వవచ్చునని ప్రకటించిరి. పొడియిసుక పీఠము ముందు కుప్పవడి యడ్డు తగులును. ఏటియిసుకలో బండి తోలినవారికి దీనిని వేఱుగ చెప్పనక్కఱలేదు.

అరిస్టాటిల్ మాటను తలక్రిందు చేసినవాడు ఇటలీదేశపు గెలీలియో. నున్నని వాలుపై దొర్లిన గుండు ఎదుటివాలుపై నించుమించుగా తొల్లింటి యెత్తునకే యెక్కును. ఎదుటివాలును తగ్గించినకొలది యా యెత్తు నందుటకై మఱింత దూరము పోవలెను. వాలే లేక సమతలమైనచో నెందుకాగవలెను? అడ్డమేమియు లేనిచో నాగదని యాతడూహించెను. ఆతని చలనశాస్త్రగ్రంథము 1638లో వెలువడెను. 1687లో న్యూటన్ దీనినే తన మొదటి చలననియమముగా స్థాపించెను. కదలుచున్నది కదలుచునే యుండును; ఆగుటకే కారణము కావలెను. మా బాలుడడిగినదియు నదియే గదా!

ఇక తూచినవారి కథ. సుమారు 1493 ప్రాంతమున లియొనార్డో డా విన్సీ చెక్కదిమ్మలకు త్రాడు కట్టి, గిలకమీదుగా బరువులు వ్రేలాడదీసి పరీక్షించెను. బరువు రెట్టింపైన రాపిడియు రెట్టింపగునని, దిమ్మను వెడల్పుగా పెట్టినను నిలువుగా పెట్టినను రాపిడి మాఱదని వ్రాసికొనెను. ఆ వ్రాతలు ప్రకటితములు కాక మఱుగువడెను. 1699లో ఫ్రాన్సుదేశపు ఆమొంతోఁ అనునాతడు స్వతంత్రముగా నవే నియమములను కనుగొని పారిస్ పండితసభకు నివేదించెను. ఈతడు చిన్ననాటనే చెవుడు వచ్చినవాడు. అటుపిమ్మట కూలుంబ్ అను సైనికయంత్రజ్ఞుడు ఓడల నిర్మాణస్థలములో కొయ్యను, లోహమును, త్రాడును పరీక్షించి 1781లో నా సభవారి బహుమానమందెను. నిలిచియున్న దానిని కదలించుటకు కావలసిన బలము, కదలినదానిని కదలించుచుండుటకు కావలసినదానికంటె సాధారణముగా నధికమని యాతడు విశదపఱచెను. ఊబిలో దిగిన బండికి మొదటి లాగుడే కష్టమని మన రైతుల యనుభవము.

వెడల్పు మాఱినను రాపిడి మాఱకుండుట యేమి చిత్రము? ఇరువదవ శతాబ్దిలో కేంబ్రిడ్జిలో బౌడెన్, టేబర్ అనువారు దీనిని వివరించిరి. నున్నగా కనబడు తలము సైతము సూక్ష్మముగా చూచిన మిట్టపల్లములమయము. రెండు తలములు మిట్టల కొనలయందే తాకుకొనును. నిజముగా తాకు చోటు పై బరువును బట్టి పెరుగునే గాని, మనకు కనబడు వెడల్పును బట్టి కాదు.

దీనిని బాలురకు బోధించుటకు యంత్రములు కావలెనా? ఒక యిటుక, ఒక త్రాడు, ఒక డబ్బా, తగినన్ని చింతగింజలు చాలును. ఇటుకను బల్లపై నుంచి, దానికి కట్టిన త్రాటిని బల్లయంచున గిలకమీదుగా దించి, డబ్బాను వ్రేలాడదీయవలెను. ఇటుక కదలువఱకు గింజల నొకటొకటిగా వేయించి లెక్కింపవలెను. పిదప నిటుకను ప్రక్కకు త్రిప్పి పెట్టి, “ఇప్పుడు గింజలెక్కువ పట్టునా, తక్కువ పట్టునా?” అని ముందుగా నడుగవలెను. పిల్లలు తప్పక పొరబడుదురు, పొరబడనిండు. లెక్క యించుమించుగా సమానమైనప్పుడు వారి కన్నులు విప్పారును. రెండిటుకలు పేర్చిన గింజలు రెట్టింపగును. క్రింద గుండ్రని పెన్సిళ్లు పఱచిన నతిస్వల్పముగా పట్టును. లెక్క కొంచె మటునిటైనచో మూడుమాఱులు చేయింపవలెను. ఇది ఆట కాదు. లియొనార్డో చేసినది నిదియే.

రాపిడి శత్రువని మాత్రము పిల్లలకు నేర్పరాదు. పాచిపట్టిన చెరువుమెట్లపై కాలు జాఱుటయే రాపిడి విలువను చెప్పును. అది లేనిచో నడకలేదు, త్రాటిముడి నిలువదు, గోడకు మేకు పట్టదు, అరణిలో నగ్ని పుట్టదు. రథోత్సవమున చక్రముల క్రింద చెక్కలు పెట్టి మహారథమును నిలుపువాడు రాపిడినే నమ్ముకొని యున్నాడు.

కావున, పెద్దలారా, మీ యూరి బడిలో పిల్లలు ఇటుకలు లాగుచుండగా చూచినచో, చదువు మాని యాడుచున్నారని పంతులును గద్దింపకుడు. ఇంట మనుమడు ప్రశ్న వేసినచో వాని నోరు మూయింపకుడు. ఉత్తరము తెలియకున్న, “పద, చూతము” అనుడు.

ఆనాటి బాలుడు నేడెచ్చటనున్నాడో నేనెఱుగను. వినుచున్నచో నానాటి యుత్తరమును దిద్దుకొనుచున్నాను: “నాయనా, నీ గోళీలో బలము అయిపోలేదు. అది తాకిన నేల, నేలపై దుమ్ము, కొంత గాలి కలసి దానిని ఆపినవి. నీవు సరిగా అడిగినావు.”

సెలవు.