వంటగ్యాస్ సబ్సిడీ – పేద కుటుంబాలు

ఇళ్లలో వంటకు వాడే ఎల్పీజీ ధరలో కొంత భాగాన్ని ప్రభుత్వం భరించడాన్ని వంటగ్యాస్ సబ్సిడీ అంటారు. భారతదేశంలో వాతావరణ, ఇంధన విధానాలు పేద ఇంటి వంటగది దాకా చేరే ముఖ్యమైన దారుల్లో ఇదొకటి. పొగలేని ఇంధనాన్ని అందరికీ అందించాలి, శిలాజ ఇంధనాల మీద ప్రభుత్వ ఖర్చు తగ్గాలి అనే రెండు లక్ష్యాలూ గ్యాస్ బండ దగ్గరే ఎదురుపడతాయి. సబ్సిడీ ఎవరికివ్వాలి, ఎంతివ్వాలి అన్న దాని మీద దశాబ్దాలుగా చర్చ నడుస్తోంది. ఆ డబ్బు ఎప్పుడు చేతికందాలన్నది అంతగా చర్చకు రాలేదు. రోజు కూలితో గడిచే ఇంటికి అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

పొయ్యి, పొగ, వాతావరణం

కట్టెలు, పిడకలు, పత్తికట్టె కాల్చినప్పుడు వచ్చే పొగలో ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లే సన్నని కణాలు ఉంటాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ జిల్లాల్లో సుమారు 420 ఇళ్లలో గాలిని కొలిచిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. గ్యాస్ వాడే ఇళ్లలో ఈ కణాల 24 గంటల సగటు ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాముల దాకా తక్కువగా ఉంటే, కట్టెలు, పిడకలు వాడే ఇళ్లలో అది 732 దాకా వెళ్లింది. ఈ పొగను అందరికన్నా ఎక్కువ పీల్చేది వంట చేసే ఆడవాళ్లు, వాళ్ల పక్కనే ఉండే చిన్నపిల్లలు. ఇళ్లలోని వాయు కాలుష్యం వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఎల్పీజీ కూడా శిలాజ ఇంధనమే. కిలో గ్యాస్ మండితే సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. 14.2 కిలోల బండకు లెక్కేస్తే 42 కిలోల పైచిలుకు. ఏడాదికి నాలుగైదు బండలు వాడే ఇంట్లో కుటుంబం మొత్తం వంటకూ అయ్యేది 200 కిలోల దరిదాపు. దేశంలో సగటున ఒక్క మనిషి వాటాకు వచ్చే వార్షిక ఉద్గారాలు 2 టన్నుల మేర ఉంటాయి కనుక ఇది అందులో పదోవంతు. పైగా కట్టెల పొయ్యి నుంచి లేచే మసి కూడా భూమిని వేడెక్కించేదే. వాతావరణం పేరు చెప్పి పేదింటి గ్యాస్‌లో కోత పెట్టడాన్ని ఈ లెక్కలు సమర్థించవు.

అందరికీ ఒకే ధర ఉన్న రోజులు

చాలాకాలం సబ్సిడీ బండ ధరలోనే కలిసి ఉండేది. ఎన్ని బండలు కొంటే అంత సబ్సిడీ. అప్పట్లో గ్యాస్ కనెక్షన్ ఉన్నది ఎక్కువగా పట్టణ మధ్యతరగతికి, సంపన్నులకు. కాబట్టి పేదల పేరుతో పెట్టిన ఖర్చులో పెద్ద వాటా వాళ్లకే చేరింది. 2012 సెప్టెంబరులో కేంద్రం ఇంటికి ఏడాదికి ఆరు సబ్సిడీ బండలే అని పరిమితి పెట్టింది. నిరసనలు రావడంతో దాన్ని 2013లో తొమ్మిదికి, 2014లో పన్నెండుకు పెంచింది. 2015 జనవరి 1 నుంచి దేశమంతటా ‘పహల్’ అమలైంది. అంటే బండకు పూర్తి ధర కట్టాలి, సబ్సిడీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ మార్చిలో మొదలైన ‘గివ్ ఇట్ అప్’ పిలుపుతో కోటి మందికి పైగా సబ్సిడీని స్వచ్ఛందంగా వదులుకున్నారు. ఏడాదికి పది లక్షల రూపాయలకు మించి పన్ను విధించదగ్గ ఆదాయం ఉన్నవారిని 2016 జనవరి నుంచి సబ్సిడీ జాబితాలోంచి తీసేశారు. ధరల సంస్కరణలో భారం ముందుగా స్థోమత ఉన్నవారి మీద పడటం అరుదు. ఇక్కడ అలా జరగడం చెప్పుకోదగ్గ విషయం.

దీపం నుంచి ఉజ్జ్వల దాకా

పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్ ఇచ్చే పెద్ద ప్రయత్నం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ‘దీపం’ పేరుతో మొదలైంది. స్వయం సహాయక సంఘాల మహిళలకు ప్రభుత్వం డిపాజిట్ కట్టి కనెక్షన్ ఇప్పించింది. పొయ్యి, గ్యాస్ ఖర్చు మాత్రం వారివే. 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ప్రారంభమైన ప్రధానమంత్రి ఉజ్జ్వల యోజన ఇదే పద్ధతిని దేశమంతటికీ విస్తరించింది. కనెక్షన్‌కు 1,600 రూపాయలు ప్రభుత్వం భరించింది. 2019 సెప్టెంబరుకల్లా 8 కోట్ల కనెక్షన్లు ఇచ్చారు. 2021 ఆగస్టులో మొదలైన రెండో విడతలో వలస కుటుంబాలకు చిరునామా రుజువు, రేషన్ కార్డు బదులు స్వీయ ధ్రువీకరణ చాలన్నారు. ఇటుక బట్టీలకు, భవన నిర్మాణ పనులకు వలస వెళ్లే కుటుంబాలకు ఈ ఒక్క సడలింపు ఎంతో మేలు చేసేది.

రెండో బండ

కనెక్షన్ ఇచ్చినంత తేలిగ్గా వాడకం పెరగలేదు. ఉజ్జ్వల ఇళ్లలో వార్షిక సగటు వాడకం 3.21 బండలేనని ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ 2019 నివేదిక చూపింది. పొయ్యికి, మొదటి బండకు అప్పు తీసుకున్నవారి సబ్సిడీ ఆ అప్పు కిందే జమ అయిపోయేది. అంటే సాయం అవసరమైన తొలి నెలల్లోనే అది చేతికి రాలేదు. అందుకే 2018లో ఆ వసూలును ఆరు రీఫిళ్ల దాకా వాయిదా వేశారు.

ఇలాంటి ఇళ్లలో గ్యాస్ పొయ్యి తరచు పొద్దున టీకి, చుట్టాలొచ్చినప్పుడు, వానకు కట్టెలు తడిసినప్పుడు వెలుగుతుంది. అన్నం, కాగు నీళ్లు పెరట్లో కట్టెల పొయ్యి మీదే. పత్తి ఏరడం అయిపోయాక చేలో మిగిలే కట్టె ఊరికే వస్తుంది, దానికి పోయేది ఆడవాళ్ల ఒళ్లు హూనమయ్యే చాకిరీ. ఆ చాకిరీ ఏ ప్రభుత్వ లెక్కలోనూ ఖర్చుగా కనిపించదు. బండ అయిపోయాక మళ్లీ తెప్పించాలంటే రెండు మూడు రోజుల కూలి డబ్బు ఒక్కసారిగా కావాలి. అలవాటు మారకపోవడం, గ్యాస్ వంట రుచి నచ్చకపోవడం వంటి కారణాలు చెబుతుంటారు గానీ, ఎక్కువ ఇళ్లలో అడ్డుపడేది చేతిలో డబ్బు లేకపోవడమే.

2020 మేలో అంతర్జాతీయ ధరలు పడిపోయినప్పుడు సబ్సిడీ దాదాపు సున్నాకు వచ్చింది. ధరలు మళ్లీ పెరిగినా అది తిరిగి రాలేదు. 2022 మేలో ఉజ్జ్వల వారికి మాత్రం బండకు 200 రూపాయలు ప్రకటించి, 2023 అక్టోబరులో 300 చేశారు. ఉజ్జ్వల ఇళ్ల సగటు వాడకం 2022-23లో 3.68 బండలు ఉండగా 2024-25 నాటికి సుమారు 4.47కు పెరిగింది. చేతి నుంచి కట్టే ధర తగ్గితే వాడకం పెరుగుతుందనడానికి ఇది గట్టి సూచన. 2025-26కు మాత్రం సబ్సిడీ బండల సంఖ్యను పన్నెండు నుంచి తొమ్మిదికి తగ్గించారు.

తెలుగు రాష్ట్రాల తీరు

ఉజ్జ్వలలో చేరాలంటే ఇంట్లో అంతకుముందు గ్యాస్ కనెక్షన్ ఉండకూడదు. దీపం కింద ముందే కనెక్షన్ పొందిన పేద మహిళలు అందుకే ఆ జాబితా బయట ఉండిపోయారు. వారికి 300 రూపాయలు రావు. ముందుగా మేలుకున్న రాష్ట్రంలోని పేదలు అదే కారణానికి నష్టపోవడం అన్యాయం.

తెలంగాణలో 2024 ఫిబ్రవరి 27న మహాలక్ష్మి పథకం కింద 500 రూపాయల బండ మొదలైంది. కానీ వినియోగదారు ముందు పూర్తి ధర కట్టాలి. అప్పటి హైదరాబాద్ ధర 955 రూపాయలు. డెలివరీ మనిషికి అది ఇచ్చేశాక 455 ఖాతాలో పడాలి. ఎన్ని బండలకు ఇవ్వాలన్నది గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి నిర్ణయించారు. ఇందులో లోపం ఉంది. స్థోమత లేక ఏడాదికి రెండే బండలు తెప్పించిన ఇంటికి ఇకపైనా రెండే అని తేల్చినట్టవుతుంది. నిలకడగా గ్యాస్ మీదే వండిన ఇంటికేమో ఎక్కువ దక్కుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 పథకాన్ని 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో ప్రారంభించారు. ఏడాదికి మూడు బండలు ఉచితం, నాలుగు నెలలకొకటి. పాత వాడకంతో పని లేదు, అర్హత ఉన్న ప్రతి ఇంటికీ ఒకటే లెక్క. ఈ అంశంలో ఇదే మేలైన పద్ధతి. అయితే ఇక్కడా ముందు డబ్బు కట్టించుకుని, తర్వాత పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో తిరిగి జమ చేస్తామన్నదే ప్రారంభంలో పెట్టిన నిబంధన. ఆ రెండు రోజుల అప్పు పుట్టని ఇంటికి ఉచిత బండ కూడా దూరమే.

ఇతర మార్గాలు

ఒకేసారి పెద్ద మొత్తం పెట్టలేని ఇళ్ల కోసం 5 కిలోల చిన్న బండను ఉజ్జ్వలలో ఒక ఎంపికగా పెట్టారు. ఇండోనేషియా 2007 నుంచి కిరోసిన్ బదులు 3 కిలోల బండలనే పంచింది. భారత్ తన ఎల్పీజీ అవసరాల్లో సగానికి పైగా దిగుమతి చేసుకుంటుంది కాబట్టి కరెంటు పొయ్యిల వైపు మళ్లాలనే వాదనా బలపడుతోంది. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్లకు కరెంటు బిల్లు సున్నా. ఆ ఇళ్లు ఇండక్షన్ పొయ్యి మీద రెండు పూటలా వండితే వాడకం 200 యూనిట్లు దాటి, ఆ నెల మొత్తం బిల్లూ వారి మీదే పడే ప్రమాదం ఉంది.