వేరుపడ్డా తీరని లెక్క: మద్రాసు, నెల్లూరు

2016 జూన్ 23న బ్రిటన్‌లో ఓటు వేసినవారిలో 51.9 శాతం మంది ఐరోపా సమాఖ్య నుంచి తప్పుకోవాలని తీర్పు చెప్పారు. ఆ తీర్పు అమలయ్యేసరికి 2020 జనవరి 31 వచ్చింది. ఉండాలా, వెళ్లాలా అన్నంతవరకే ప్రజలను అడిగారు. సరిహద్దుల సంగతి, సరుకుల సంగతి ఆ తర్వాత తేల్చుకోవలసి వచ్చింది. ఉమ్మడి మద్రాసు నుంచి వేరుపడిన నెల్లూరు సీమకు ఈ చిక్కు కొత్త కాదు.

చదువుకు, హైకోర్టు వ్యాజ్యానికి, పెద్ద బేరానికి నెల్లూరు వాళ్లకు మద్రాసే దిక్కుగా ఉండేది. శ్రీహరికోట కట్టెలు బకింగ్‌హాం కాలువలో పడవల మీద ఆ నగరానికి చేరేవి. అందుకే 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగిన రోజుల్లో ప్రత్యేక రాష్ట్రమంటే రాయలసీమ నాయకులతో పాటు నెల్లూరు నాయకులూ వెనకాడారు. కృష్ణా, గోదావరి డెల్టాలకు ఆనకట్టల నీళ్లున్నాయి, చదువులున్నాయి. మద్రాసు పెత్తనం పోయి డెల్టా పెత్తనం వస్తే తమకు ఒరిగేదేమిటన్నది వాళ్ల భయం.

ఆ భయానికి జవాబు 1937 నవంబర్ 16న దొరికింది. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక నెల్లూరును పేరుపెట్టి ప్రస్తావించింది. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీటి పథకాల్లో రాయలసీమకు, నెల్లూరుకు కనీసం పదేళ్లపాటు ముందు హక్కు ఉండాలన్నారు. రాష్ట్రం రావడానికి పదహారేళ్ల ముందే ఈ షరతులు కాగితం మీదికెక్కాయి.

కాగితం మీద తేలనిది మద్రాసు నగరం. ఆ నగరంపై పట్టు వదిలితేనే ఆంధ్ర రాష్ట్రమని 1949లో కాంగ్రెస్ నియమించిన జె.వి.పి. కమిటీ చెప్పింది. 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయంలో హరిజనుల ప్రవేశం కోసం నిరాహార దీక్ష పట్టిన పొట్టి శ్రీరాములు, 1952 అక్టోబర్ 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట, ఈసారి ఆంధ్ర రాష్ట్రం కోసం, మళ్లీ దీక్షకు కూర్చున్నారు. డిసెంబర్ 15 రాత్రి కన్నుమూశారు. తెలుగు జిల్లాలు భగ్గుమన్నాయి, నెల్లూరూ రోడ్డెక్కింది. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అటు తమిళుల్లోనూ ఆవేదన పెరిగింది. నగరం కోసం, ఉత్తర సరిహద్దు కోసం తమిళ నాయకుడు ఎం.పి. శివజ్ఞానం ఉద్యమం నడిపారు. డిసెంబర్ 19న నెహ్రూ రాష్ట్ర ఏర్పాటును ప్రకటించారు. 1953 అక్టోబర్ 1న మద్రాసు లేకుండానే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని అయింది. సరిహద్దు మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సులతో తిరుత్తణి తమిళులకు, సత్యవేడు ప్రాంతం మనకు 1960 ఏప్రిల్ 1న దక్కేదాకా సరిహద్దు తగువు సాగుతూనే ఉంది.

నెల్లూరుకు మాత్రం అసలు లెక్క నీటిదే. శ్రీబాగ్‌లో చెప్పిన పదేళ్లు ఎప్పుడో గడిచాయి. పెన్న మీద సోమశిల జలాశయం పూర్తయ్యేసరికి దశాబ్దాలు పట్టింది. ఈలోగా వదిలి వచ్చిన నగరమే దాహంతో అల్లాడింది. 1983లో రెండు రాష్ట్రాల మధ్య తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. కృష్ణా జలాలు సోమశిల, కండలేరు మీదుగా, నెల్లూరు నేల దాటి 1996లో మద్రాసుకు నీళ్లిచ్చే పూండి చెరువుకు చేరాయి.

బ్రిటన్ వెళ్లాలని తీర్పిచ్చాక షరతులు వెతుక్కుంది; మనవాళ్లు షరతులు ముందే రాసుకున్నారు, వాటి అమలుకు పూచీలు మాత్రం రాసుకోలేదు. వేరుపడడం ప్రజల హక్కు, శ్రీరాములు ప్రాణత్యాగం దానికి సాక్ష్యం. కానీ ఆ హక్కు నెరవేరాలంటే బలహీన ప్రాంతానికి ఇచ్చిన మాట చట్టంలోకి ఎక్కాలి. శ్రీబాగ్‌లో ఆ ఒక్క పని మిగిలిపోయింది. దాని మూల్యం పెన్నా రైతులు చెల్లించారు.