ఊపిరికి ఊతము

1889వ సంవత్సరమున నైజాము రాజ్యములో రెండు పనులు జరిగినవి. ఇల్లెందు ప్రాంతమున సింగరేణి బొగ్గు త్రవ్వకము మొదలైనది. హైదరాబాదు నగరమున కొందరు వైద్యులు, మత్తుమందు వలన మనిషి మరణించునప్పుడు ముందు ఆగునది గుండెయా, ఊపిరియా అని తేల్చుటకు కూర్చుండిరి. ఈ రెండింటికిని పొత్తేమని శ్రోతలు అడుగవచ్చును. నాడు ఏమియు లేదు. 1920ల చివరి యేండ్లలో మా బెల్లంపల్లిలోను బాయిలు తెరచిన పిమ్మట, ఆ బాయిలలో దిగినవారు ముసలివారైన పిమ్మట, పొత్తు కుదిరినది.

హైదరాబాదు సంగతి ముందు చెప్పుదుము. ఆ కాలమున శస్త్రచికిత్సకు క్లోరోఫారము వాడుచుండిరి. దాని వలన అప్పుడప్పుడు రోగులు బల్ల మీదనే చనిపోవుచుండిరి. గుండె ఆగుటయే అందుకు కారణమని లండనులో పలువురు నమ్మిరి. హైదరాబాదు రెసిడెన్సీ సర్జను, ఇక్కడి వైద్యపాఠశాలకు అధిపతి అయిన ఎడ్వర్డు లారీ అది కాదనెను. ముందాగునది ఊపిరి, దానిని కనిపెట్టి యుండిన ప్రాణభయము లేదని ఆయన వాదము. 1888లో ఒక సంఘము కూర్చి పరీక్షలు చేయించెను, లండను నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాము మహబూబు అలీఖాను వేయి పౌనులిచ్చి, ‘లాన్సెట్’ వైద్యపత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అను వైద్యుని రప్పించెను. వందలకొలది జంతువులకు మత్తునిచ్చి చూచిరి. వచ్చునప్పుడు గుండె పక్షమున నుండిన బ్రంటన్, లారీ వాదమునకే ఒప్పుకొనెను.

కథ అంతటితో ముగిసిన మనకు గర్వముగానే యుండును. కాని 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు క్లోరోఫారము గుండెను కూడ తటాలున ఆపగలదని చూపెను. లారీ చెప్పినది సగమే నిజమైనది. ‘ఊపిరిని కనిపెట్టి యుండుడు’ అను ఆ సగము మాత్రము నేటికిని చెడలేదు.

కనిపెట్టిన తరువాత చేయవలసినదేమి? 1903లో షేఫర్ అను ఆంగ్లేయుడు, మనిషిని బోర్ల పరుండబెట్టి వీపు క్రింది భాగమును లయగా నొక్కు పద్ధతిని ప్రచారము చేసెను. 1928లో బోస్టను నగరమున ఫిలిప్ డ్రింకర్ ‘ఇనుప ఊపిరితిత్తి’ని వాడుకలోనికి తెచ్చెను. పోలియో రోగిని మెడ వరకు ఇనుప పీపాలో ఉంచి, లోపలి గాలిని లాగి వదలుచుండగా ఎదయే పొంగి అణగుచుండును. గొంతులో గొట్టము అక్కరలేదు. 1936లో లండను వైద్యుడు పౌల్టన్, గుండె బలహీనత వలన ఊపిరితిత్తులలో నీరు చేరినవారికి, ఇల్లూడ్చు విద్యుత్ యంత్రము గాలినే మాస్కు ద్వారా ఒత్తిడితో పంపి ఉపశమనము కలిగించెను.

ఈ దారి ఇట్లే సాగవలసినది. 1952లో కోపెన్‌హాగెనున పోలియో విజృంభించినప్పుడు ఇనుప పీపాలు చాలలేదు. ఇబ్సెన్ అను వైద్యుడు రోగుల గొంతు తెరచి గొట్టము పెట్టించి, వైద్యవిద్యార్థుల చేత రేయింబవళ్లు రబ్బరుతిత్తిని చేతితో పిసికించెను. పెక్కు ప్రాణములు నిలిచినవి. ఆ విజయముతో ప్రపంచము గొట్టము వైపే మొగ్గినది. మాస్కు మరుగున పడెను. 1981లో సిడ్నీ వైద్యుడు కోలిన్ సలివన్, నిద్రలో ఊపిరి ఆగువారికి ముక్కు మాస్కుతో గాలి పంపుటకు మరల అటువంటి ఊడ్చు యంత్రపు మోటారునే తెచ్చుకొనెను. దుమ్ము పీల్చుటకు పుట్టిన యంత్రము ఊపిరిని నిలుపుటకు రెండు మారులు పనికివచ్చినదన్నమాట. బొగ్గుధూళి నెరిగిన మావంటి వారికి ఇది వింతగానే తోచును.

1995లో ఫ్రాన్సు వైద్యుడు బ్రోషార్, ఆయన సహచరులు ప్రకటించిన పరీక్ష ఈ కథకు మలుపు. దీర్ఘకాల శ్వాసరోగము ముదిరిన 85 మందిలో సగము మందికి మామూలు చికిత్స, సగము మందికి దానితోపాటు మాస్కు. గొట్టము వేయవలసి వచ్చినవారు మామూలు చికిత్సలో నూటికి 74, మాస్కు పెట్టినవారిలో 26. మరణములు 29కి బదులు 9.

ఇక మా ఇంటి సంగతి. మా పెద్దబాపు జీవితమంతయు బాయి పనిలోనే గడపిరి. బొగ్గుదుమ్ము కొంత, బీడీలు కొంత ఊపిరితిత్తులను తినివేసినవి. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక శీతకాలపు రాత్రి ఆయాసము హెచ్చగా ఆసుపత్రికి తీసికొనిపోతిమి. అచటి కుర్రవాడు దయతోనే ప్రాణవాయువు మీట పూర్తిగా త్రిప్పెను. ఆయాసము తగ్గినది, ఆయన కన్ను మూసిరి. నిద్రపట్టినదని మేమందరము సంతోషించితిమి.

అది నిద్ర కాదు. ఇటువంటి రోగులకు ప్రాణవాయువు మితిమీరిన బొగ్గుపులుసు గాలి నెత్తురులో పేరుకొని మనిషిని మగతలోనికి దింపును. అందుకే రక్తములో ప్రాణవాయువు పాలు నూటికి 88 మొదలు 92 వరకు చాలునని వైద్యులు నేడు చెప్పుచున్నారు. తెల్లవారుజామున వచ్చిన డాక్టరమ్మ ఆయన ఎదను చూడగానే గ్రహించి, మీట తగ్గించి, నెత్తురు పరీక్షించి, మాస్కు బిగించినది. ఆ యంత్రము రోగి పీల్చబోవుటను తానే గుర్తించి ఎక్కువ ఒత్తిడితో గాలి నిచ్చును, విడుచునప్పుడు ఒత్తిడి తగ్గించును. అలసిన ఎద కండరములకు విశ్రాంతి దొరకును, చెడుగాలి బయటపడును. రోగి పిలిచిన పలుకుచుండవలెను, వాంతులుండరాదు. మాస్కు అంచున గాలి కారరాదు. గంట, రెండు గంటలలో మరల నెత్తురు పరీక్షించి, మేలు కనబడనిచో గొట్టమునకు వెనుదీయరాదు.

ఇంకొంత ఆలస్యమైన మాస్కుకు సమయము మించెడిదని ఆమె తరువాత చెప్పినది. ఆమె రెండు గంటల సేపు మంచము విడువలేదు. గడియారము చూచుచు నిమిషమునకు ఎన్ని ఊపిరులో లెక్కించుచుండెను. లారీ వాదములోని చెడని సగము మాకప్పుడు గుర్తువచ్చినది. నేడు బెల్లంపల్లి పాత బాయిలలో పెక్కు మూతపడినవి. అందులో దిగిన వారి దగ్గు ఇంకను వినబడుచునే యున్నది.

ప్రొద్దెక్కిన తరువాత పెద్దబాపు కన్ను తెరచి, మాస్కు ప్రక్కకు లాగి, “ఇంత చాయ పొయ్యున్రి” అనిరి. డాక్టరమ్మ మాస్కు మరల సరిచేసి, ఇంకొక గంట ఆగుమని చెప్పినది.