ఇంజనీరింగు శాఖలు ఎట్లు పుట్టినవి?

ఇంజనీరింగు పట్టమునకు చదువగోరు విద్యార్థిని నేడు ముందుగా పలుకరించు ప్రశ్న "ఏ శాఖ?" అనునది. సివిలు, మెకానికలు, ఎలక్ట్రికలు, ఎలక్ట్రానిక్సు, కెమికలు, కంప్యూటరు - జాబితా చాంతాడంత పొడవున్నది. మన దేశమున ఈ విద్య మొదలైననాడు ఇట్టి ప్రశ్నయే లేదు. ఉన్నది ఒక్కటే శాఖ.

ఆ శాఖ పేరులోనే దాని చరిత్ర దాగియున్నది. పూర్వము యూరపులో ఇంజనీరనగా కోటలు కట్టువాడు, శత్రువుల కోటలు కూల్చువాడు; అనగా సైన్యములోని మనిషి. 18వ శతాబ్దమున ఇంగ్లండులో వంతెనలు, కాలువలు, సముద్రములో దీపస్తంభము నిర్మించిన జాన్ స్మీటన్, తన పని సైనికుల పని కాదని తెలుపుటకు తన్ను "సివిలు ఇంజనీరు" అని చెప్పుకొనెను. 1818లో లండనులో సివిలు ఇంజనీర్ల సంస్థ ఏర్పడినది. ఆవిరియంత్రము, రైలు వచ్చిన పిమ్మట యంత్రములతో పనిచేయువారు 1847లో బర్మింగుహాములో వేరుగా సంస్థ పెట్టుకొనిరి. రైలుబండ్ల నిర్మాత జార్జి స్టీఫెన్సనే దానికి తొలి అధ్యక్షుడు. 1871లో తంతి ఇంజనీర్ల సంఘము పుట్టినది. డైనమోలు, విద్యుద్దీపములు వ్యాపించుటతో అది 1888లో విద్యుత్ ఇంజనీర్ల సంస్థగా పేరు మార్చుకొన్నది. కొత్త శక్తి మానవుని చేతికి చిక్కినపుడెల్ల పాత చెట్టుకు కొత్త కొమ్మ తొడిగినదన్నమాట.

మన దేశములో కథ వేరు. ఇక్కడ శాఖను నిర్ణయించినది ఏలినవారి అవసరము. 1794లో మద్రాసులో మైకేల్ టాపింగ్ ప్రోద్బలముతో ఎనిమిదిమంది బాలురతో ఒక సర్వే పాఠశాల వెలసినది. కంపెనీవారికి కావలసినది భూమిని కొలిచి పటము గీయగలవారు మాత్రమే. టాపింగ్ మాత్రము దాని ఎదుగుదలను చూడలేదు. 1796లోనే మచిలీపట్నములో మరణించెను. ఉత్తరదేశమున గంగకాలువ త్రవ్వుటకు మనుషులు చాలక 1847లో రూర్కీలో కళాశాల స్థాపించిరి. బ్రిటనులో మెకానికలు ఇంజనీర్లు వేరుపడినదీ ఆ యేడే! అక్కడ రెండవ శాఖ తలయెత్తుచుండగా ఇక్కడ మొదటి శాఖకే కళాశాల తెరచుచుండిరి.

మద్రాసు పాఠశాల 1859 నాటికి కళాశాలగా ఎదిగినది. అందు మెకానికలు శాఖ వచ్చినది 1894లో. అనగా పాఠశాల పుట్టిన సరిగా నూరేండ్లకు. 1920లో కళాశాల గిండీకి తరలినది. విద్యుత్ శాఖ 1930లో చేరినది. హైదరాబాదులో ఇంజనీరింగు కళాశాల 1929లో ఏర్పడగా, నేడు కాకినాడ, అనంతపురములలోనున్న ప్రభుత్వ కళాశాలలకు 1946లో అంకురార్పణ జరిగినది. అంతవరకు కోస్తా, రాయలసీమ విద్యార్థులు పలువురు గిండీకే పోయెడివారు.

ఆ గిండీలోనే శాఖను ఎన్నుకొనుట ఎంతటి విషయమో తెలిపెడి ఉదంతమొకటి జరిగినది. అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబమున జన్మించెను. పదునెనిమిదేండ్లకే, నాలుగు నెలల పసిపాపతో వితంతువయ్యెను. తన కాళ్ళపై తాను నిలువవలెనని సంకల్పించినది. వైద్యవిద్య చదివినచో అర్ధరాత్రివేళ బిడ్డను విడిచి పోవలసివచ్చును. వేళప్రకారము సాగు ఉద్యోగము కావలెను. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గిండీలోనే విద్యుత్ శాఖాచార్యుడు. అంతవరకు స్త్రీలు అడుగిడని ఆ కళాశాలలో ఆయన ప్రిన్సిపాలును ఒప్పించి, ప్రభుత్వానుమతి సంపాదించెను. 1940లో లలిత విద్యుత్ శాఖలో చేరెను. తరువాత పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జి అను మరి యిరువురు వచ్చి సివిలు శాఖను ఎన్నుకొనిరి. ఆ కళాశాల ఇచ్చు పట్టాలో "అతడు" అను అర్థముగల మాటయే అచ్చై యుండుటచే, దానిని కలముతో కొట్టివేసి "ఆమె" అని దిద్దవలసివచ్చినది. మూడవ మనిషిని గూర్చియు ఒక మాట: త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరయ్యెను.

శాఖలు వేరైనను పని వేరు కాదు. భాక్రా జలవిద్యుత్కేంద్రమునే చూడుడు. సట్లెజ్ నదిపై సుమారు 226 మీటర్ల ఎత్తున నిలిచిన ఆనకట్ట సివిలు ఇంజనీర్లది. పైనుండి దుమికెడి నీటిచే తిరుగు టర్బైను మెకానికలు ఇంజనీర్లది. టర్బైనుతో ఒకే ఇరుసుపై తిరుగు జనరేటరు, అటనుండి ఊళ్ళకు పోవు తీగలు విద్యుత్ ఇంజనీర్లవి. నీటి ఒత్తిడిని లెక్కకట్టుట కట్టువానికెంత అవసరమో, టర్బైను రెక్కను మలచువానికిని అంతే అవసరము. అందుచేతనే గణితము, భౌతికశాస్త్రము, బలములను గూర్చిన యాంత్రికశాస్త్రము అన్ని శాఖలవారికిని పునాది పాఠములైనవి. తొలియేట విద్యార్థులు "నా శాఖకు ఇదెందుకు?" అని విసుగుకొనుట ఉపాధ్యాయులెరుగనిది కాదు!

కలకత్తాలోని ఒక విద్యుత్ పరికరముల కంపెనీలో చేరిన లలిత పనిచేసినది ఆ భాక్రా పథకమునకే. విద్యుత్తును మోసికొనిపోవు తీగమార్గములకు, సబ్‌స్టేషన్లకు రూపకల్పన చేసెను. ముందు చెప్పిన లండను విద్యుత్ ఇంజనీర్ల సంస్థ ఆమెను 1953లో సహసభ్యురాలిగను, 1966లో పూర్తి సభ్యురాలిగను చేర్చుకొన్నది. ఈ నడుమ 1964లో న్యూయార్కున స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సభ జరుగగా ఆమె వెళ్ళివచ్చెను.