పెళ్లి తరువాత ప్రేమ: అమెరికా పడమటి సీమ భక్తి నవలల పఠనానందం, దాని చరిత్ర

అమెరికా చరిత్రలో ‘ఫ్రాంటియర్’ అంటే రెండు రాజ్యాల నడిమి ఎల్ల కాదు. తూర్పు తీరం నుండి పడమరకు జరుగుతూ పోయిన వలస ఆవాసాల అంచుకు ఆ పేరు స్థిరపడింది. 1893లో షికాగోలో ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ సమర్పించిన పత్రం, 1890 జనగణన నాటికి ఆ అంచు అంతరించిందని చెప్పి, అమెరికన్ల స్వభావాన్ని తీర్చిదిద్దినది అదేనని వాదించింది. చరిత్రలో అంతరించిన సీమ నవలలో మాత్రం అంతరించలేదు. ఓవెన్ విస్టర్ 1902లో ప్రచురించిన ‘ది వర్జీనియన్’తో అది గుర్రం, తుపాకీ, మగవాని పౌరుషం ప్రధానమైన కథాలోకమయింది. డెబ్బైయేడేళ్ల తరువాత అదే నేల మీద, పొయ్యి, ఊయల, బైబిలు కేంద్రంగా మరొక ప్రక్రియ వేళ్లూనుకొన్నది. భక్తి ప్రధాన చారిత్రక ప్రేమ నవల అని దానిని పేర్కొనవచ్చును. ఆ నవల పాఠకురాలికి ఇచ్చే ఆనందం ఏ పాటిది, ఆ ఆనందం చరిత్రలో దేనిని నిలుపుతున్నది, దేనిని చెరుపుతున్నది అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

క్రైస్తవ విశ్వాసాన్ని ప్రేమకథతో ముడివేయడం కొత్త కాదు. గ్రేస్ లివింగ్‌స్టన్ హిల్ (1865–1947) నూరుకు పైగా నవలలు వ్రాసింది. కాథరిన్ మార్షల్ ‘క్రిస్టీ’ 1967లో వెలువడి విస్తారమైన ఆదరణ పొందింది. అయినా పడమటి సీమ భక్తి నవలకు నమూనాను స్థిరపరచినది కెనడా రచయిత్రి జానెట్ ఓక్. ఆమె తొలి నవల ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ని 1979లో మినియాపొలిస్‌కు చెందిన బెథనీ సంస్థ ప్రచురించింది. అది ఎనిమిది నవలల పరంపరగా పెరిగి, 2003లో టెలివిజన్ చిత్రమయింది.

కథ చిన్నది. పడమటికి బండ్లలో తరలివచ్చిన పంతొమ్మిదేళ్ల మార్టీకి ఒక ప్రమాదంలో భర్త క్లెమ్ దక్కకుండా పోతాడు. ఆమె అప్పటికే గర్భవతి. అతనిని పూడ్చిపెట్టిన రోజుననే క్లార్క్ అనే అపరిచితుడు వచ్చి పెండ్లి ప్రస్తావన చేస్తాడు. అతడు భార్యను పోగొట్టుకొన్నవాడు. పసిబిడ్డకు తల్లి కావాలి, ఆమెకు తలదాచుకొనే చోటు కావాలి. ఇష్టం లేకపోతే వసంతంలో తూర్పునకు మరలే బండ్లలో ఆమెను పంపుతానని మాట ఇస్తాడు. ఆ తరువాత చెప్పుకోదగిన ‘సంఘటనలు’ తక్కువ. మార్టీకి వంట రాదు. పూటపూటకూ అవే పాన్‌కేకులు. మిస్సీ ఏడుపు మానదు. పొరుగు ముసలామె మా గ్రహమ్ రొట్టె చేయడం నేర్పుతుంది. తానూ ఒకప్పటి విధవనేనని, రెండవ భర్త మీద మమకారం చప్పుడు లేకుండా వచ్చి చేరిందని చెబుతుంది. పుట్టిన కొడుకుకు మార్టీ చనిపోయిన భర్త ఇంటిపేరు క్లారిడ్జ్‌నే పేరుగా పెడుతుంది. క్లార్క్ అందుకు నొచ్చుకోడు. ప్రేమ ఎక్కడ మొదలయిందో పాఠకురాలు వేలుపెట్టి చూపలేదు. పఠనానందం అక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

సాధారణ ప్రేమ నవలలో వివాహం గమ్యం. ఇక్కడ అది మొదటి అధ్యాయాలలోనే ముగుస్తుంది. మిగిలిన గ్రంథమంతా ఇద్దరు అపరిచితులు ఒక కప్పు క్రింద ఒకరినొకరు గౌరవించుకోవడం నేర్చుకొనే కథ. పెద్దలు కుదిర్చిన పెండ్లిళ్లు ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ వరుస వింతగా తోచదు. ఆ నాటి అమెరికా పాఠకురాలికి మాత్రం ఇది ఎదురుదారి. 1972లో కాథలీన్ వుడివిస్ ‘ది ఫ్లేమ్ అండ్ ది ఫ్లవర్’తో బాహాటమైన శృంగారం చారిత్రక నవలలో వెల్లువెత్తింది. అంతకుముందే 1970 నుండి కాలిఫోర్నియాలో, క్రమంగా ఇతర రాష్ట్రాలలో, తప్పు నిరూపించనక్కరలేని విడాకులు చట్టబద్ధమయ్యాయి. కుటుంబం కదలిపోతున్నదన్న భయం సంప్రదాయ క్రైస్తవ వర్గాలలో బలంగా ఉన్న దశాబ్దమది. నిలిచే పెండ్లి కథకు గిరాకీ ఏర్పడడంలో ఆశ్చర్యం లేదు.

ఈ కథలకు చారిత్రక ఆధారం లేదనడం సరికాదు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఇరవై ఒక్క ఏండ్లు నిండిన వ్యక్తి గాని, కుటుంబ పెద్ద గాని 160 ఎకరాలకు దరఖాస్తు చేసుకొని, ఐదేండ్లు నివసించి సాగుచేస్తే యాజమాన్యం పొందవచ్చును. అవివాహితలు, విధవలు అర్హులే. కాపురంలో ఉన్న భార్య సామాన్యంగా కాదు. అటువంటి నేలలో పెండ్లి హృదయానికే కాక శ్రమకు, భూమికి, చలికాలపు తిండిగింజలకు సంబంధించిన ఒప్పందం కూడా. లారెయిన్ స్నెల్లింగ్ 1996లో ప్రారంభించిన ‘రెడ్ రివర్ ఆఫ్ ది నార్త్’ పరంపర, డకోటా సీమలో స్థిరపడిన నార్వే వలసదారుల కథగా, ఈ శ్రమను మరింత దగ్గరగా చూపుతుంది. పాఠ్యగ్రంథాలు ఒక వాక్యంలో దాటవేసే స్త్రీల చాకిరీకి ఈ నవలలు పేజీలకు పేజీలు ఇస్తాయి. ఇది చిన్న సేవ కాదు.

అయితే ఆ 160 ఎకరాలు ఎవరివి? ఓక్ నవలలో నేల ఖాళీగా ఉంటుంది. దేవుడు ఇచ్చినట్లు, ఎవరూ తీసుకోనట్లు. 1887 డాస్ చట్టం ఆదిమ జాతుల ఉమ్మడి భూములను వ్యక్తిగత కమతాలుగా చీల్చి, మిగులు పేరిట ఇతరులకు తెరిచింది. ఆ ఏడాది వారి చేతిలో దాదాపు 13.8 కోట్ల ఎకరాలు ఉండగా 1934 నాటికి సుమారు 4.8 కోట్లు మిగిలాయి. క్లార్క్ సజ్జనుడు, ఉదయం ప్రార్థన తప్పడు. అతని సౌజన్యం నిజమనిపించే కొద్దీ ఆ భూమి పుట్టుపూర్వోత్తరాలు అడగాలన్న ఆలోచన పాఠకురాలికి దూరమవుతుంది. ప్రక్రియ చేసే అసలు చారిత్రక కార్యం ఇదే. దీనిని ద్వేషంతో కాక మౌనంతో సాధిస్తుంది. ఫ్రాన్సిన్ రివర్స్ ‘రిడీమింగ్ లవ్’ (1991) హోషేయ ప్రవక్త గాథను బంగారు వేట నాటి కాలిఫోర్నియాకు తరలించి, స్త్రీ దేహ విక్రయం వంటి చీకటిని ధైర్యంగానే ముట్టుకొన్నది. ఈ మౌనాన్ని మాత్రం అది కూడా ఛేదించలేదు.

అందుచేత ఈ నవలలు చదివే స్త్రీలను అమాయకులని కొట్టిపారవేయవచ్చునా? జానిస్ రాడ్‌వే 1984 నాటి ‘రీడింగ్ ది రొమాన్స్’ ప్రేమ నవల చదవడమే గృహిణి ఇంటి పనుల నుండి తనకై వేరుచేసుకొన్న సమయమని గుర్తించింది. లిన్ నీల్ ‘రొమాన్సింగ్ గాడ్’ (2006) సువార్తిక క్రైస్తవ స్త్రీలు ఈ పుస్తకాలను వినోదంగాను, భక్తి సాధనగాను ఏకకాలంలో స్వీకరించడాన్ని వివరించింది. యద్దనపూడి సులోచనారాణి నవలలను కాలక్షేపమని తోసిపుచ్చి, వాటిని దిండు క్రింద దాచుకొని చదివినవారిని ప్రశ్నించని మన విమర్శకు ఈ పద్ధతి ఉపయోగిస్తుంది. పాఠకురాలి ఆనందాన్ని నమ్మవచ్చును, ఆ ఆనందం దేనిపై కూర్చున్నదో పరిశీలించవచ్చును. ఒకటి రెండవదానికి అడ్డు కాదు.

ఒజిబ్వే వారసత్వం గల రచయిత్రి లూయీస్ ఎర్‌డ్రిక్ 1999లో ప్రచురించిన ‘ది బర్చ్‌బార్క్ హౌస్’ను ఓక్ నవల ప్రక్కన ఉంచి చదవవలసి ఉన్నది. బాలల కోసం వ్రాసిన ఆ నవలలో కాలం 1847, స్థలం సుపీరియర్ సరస్సులోని ఒక ద్వీపం. అక్కడ కూడా అవ్వ, మనుమరాలు కలిసి వేసవి ఇంటికోసం భూర్జ వృక్షపు బెరడు వలుస్తారు. వంట, కుట్టు, పసివాడి ఆలనాపాలనా అంతే శ్రద్ధతో సాగుతాయి. ఆ చలికాలంలో బయటి నుండి వచ్చిన ఒక అతిథి వెంట మశూచి ఆ ఇంటిలో ప్రవేశిస్తుంది.