యూదులకు, అన్యజనులకు అపొస్తలుల బోధ: వ్యాఖ్యాన భేదాలు

యూదుడు కాని విశ్వాసికి సున్నతి కావాలా? అపొస్తలుల కార్యములు 15లోని యెరూషలేము సభ అక్కర్లేదంది. జారత్వం, రక్తం, గొంతు నులిమి చంపినవాటి మాంసం, విగ్రహాలకు పెట్టిన పదార్థాలు మాత్రం మానమంది. బలిమాంసం పంచుకునే ఒడిశాలోని బిస్సమ్ కటక్ కొండల కోంధు ఆదివాసుల ఊళ్లలో ఈ చివరిది పాతబడిన ప్రశ్న కాదు. గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం పేతురును సున్నతి పొందినవారికి, పౌలును అన్యజనులకు అపొస్తలులుగా చూపుతుంది. మరి సువార్త ఒకటా, రెండా?

ఒకటేనంటారు లూథరన్లు, 1882లో జయపురం సీమకు వచ్చిన జర్మనీ బ్రెక్లుమ్ మిషన్‌ది ఆ సంప్రదాయమే. మరోవైపు, గోదావరి డెల్టాలో 1836లో మిషనరీలు బౌడెన్, బీర్ పని మొదలుపెట్టారు. వారి బ్రదరన్ ఉద్యమంలో డార్బీ మలిచిన యుగవిభజన సిద్ధాంతం ఇశ్రాయేలునూ సంఘాన్నీ వేరుచేస్తుంది. బైబిలు వ్యాఖ్యాత బుల్లింగర్ మరీ ముందుకెళ్లి, సంఘం ఆరంభాన్ని కార్యముల గ్రంథం చివరికే జరిపాడు.